ఎల్‌సీ ఇచ్చారని స్తంభం ఎక్కేయొద్దు: కొత్త లైన్‌మెన్‌కి పని పద్ధతి

జూనియర్ లైన్‌మెన్ ఉద్యోగానికి స్తంభం ఎక్కే పరీక్ష పెడతారు. ఎక్కాడా, దిగాడా, ఎంతసేపు పట్టింది, అంతవరకే చూస్తారు. ఎర్త్ రాడ్డు చేతిలో పెట్టి "దీన్ని ముందు నేలకి కలుపుతావా, తీగకి తగిలిస్తావా" అని అడిగిన పరీక్ష మాత్రం నా కంట పడలేదు. నాకు తెలిసి ప్రాణాలు పోయినవాళ్ళలో ఎక్కడం చేతకాక పోయినవాళ్ళు తక్కువ. సప్లై లేదనుకుని చెయ్యి వేశారు, ఉంది. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, ఫలానా లైన్‌కి సప్లై ఆపాం, పని చేసుకోవచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. అది ఒక్కటే చాలదు.

నేను 20 ఏళ్ళకి పైగా లైన్ మీద ఉన్నాను. ఆంధ్రాలో సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లుగా చేరినవాళ్ళు, తెలంగాణలో ఆర్టిజన్లు, కొత్తగా వచ్చిన జేఎల్‌ఎంలు (జూనియర్ లైన్‌మెన్), ఏ రిజిస్టర్లోనూ పేరు లేకుండా రోజు కూలికి నిచ్చెన మోసే ప్రైవేటు హెల్పర్లు, అందరికీ పనికొచ్చేలా 11 కేవీ (11,000 వోల్టుల హెచ్‌టీ), ఎల్‌టీ (ఇళ్ళకీ మోటార్లకీ పోయే 230/400 వోల్టుల) లైన్ల మీద పని ఏ వరసలో చేయాలో రాస్తున్నాను. 33 కేవీ ఆపైన పని, సప్లై ఉండగానే చేసే హాట్‌లైన్ పని వేరే శిక్షణతో చేసేవి, వాటి జోలికి ఇక్కడ పోను.

"ఎల్‌టీయే కదా" అనకండి

11 కేవీ అంటే అందరికీ భయమే. ఒక్కో తీగకీ నేలకీ మధ్య 6,350 వోల్టులు, ముట్టుకోనక్కర్లేదు, బాగా దగ్గరికి పోతే చాలు గాలిలోంచే దూకుతుంది. అందుకని దాని దగ్గర కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాం. ఎల్‌టీ దగ్గరికొచ్చేసరికి "ఆ, 230ఏ కదా, చిన్న జర్క్ ఇస్తుంది" అని చెప్పులు విప్పి నిచ్చెన ఎక్కేస్తాం.

చిన్న లెక్క చేయండి. చెమట పట్టిన చేతులు, తడి నేల ఉంటే ఒంటి రెసిస్టెన్స్ సుమారు 1000 ఓములకి పడిపోతుంది. 230ని 1000తో భాగిస్తే 230 మిల్లీయాంపులు. పది, పదిహేను మిల్లీయాంపులకే చేతి కండరాలు బిగుసుకుపోయి తీగ వదల్లేం, వదలాలని ఎంత అనుకున్నా వేళ్ళు విడవవు. 50 నుంచి 100 మిల్లీయాంపులు ఛాతీ గుండా ఒకటి రెండు సెకన్లు పోతే గుండె లయ తప్పొచ్చు. ఇంట్లో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునేదే 40 మిల్లీయాంపుల పైన. అంటే ఆ బుల్లి బల్బు వెలగడానికి పట్టేదానికి కాస్త అటూ ఇటూగా సరిపోతుంది మనిషికి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మిట్టమధ్యాహ్నం పని చేసినవాడిని అడగండి, ఒంటి మీద పొడిచోటు ఎక్కడుంటుందో.

న్యూట్రల్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. న్యూట్రలే కదా అని ఉత్త చేత్తో జాయింట్ విప్పేవాళ్ళున్నారు. లోడు మీద ఉన్న న్యూట్రల్‌ని మధ్యలో విప్పారంటే, ఇళ్ళలోంచి తిరిగొచ్చే కరెంటుకి దారి తెగి, విప్పిన రెండు కొసల మధ్య వోల్టేజీ నిలబడుతుంది, రెండు చేతుల్తో రెండు కొసలు పట్టుకుని ఉండేది మీరే. పైగా ఊళ్ళో కొన్ని ఇళ్ళకి 400 వోల్టుల దాకా పోయి టీవీలు కాలిపోతాయి. విప్పేటప్పుడు ముందు ఫేజులు, ఆఖర్న న్యూట్రల్. కలిపేటప్పుడు ముందు న్యూట్రల్, తర్వాత ఫేజులు. అసలు సప్లై ఆపి చేయాల్సిన పనే అది, ఆపినా ఇదే వరస పాటించండి.

పైకి చూసే ముందు, ఎక్కణ్ణించి రావచ్చో లెక్కపెట్టండి

స్తంభం కింద నిలబడి చేయాల్సిన మొదటి పని చేతులతో కాదు, వేళ్ళ మీద లెక్క. మీరు చెయ్యి వేయబోయే తీగలోకి కరెంటు ఎన్ని వైపుల నుంచి రావచ్చు? సబ్‌స్టేషన్ నుంచి ఒకటి, ఇది అందరికీ గుర్తుంటుంది. మిగతావాటి దగ్గరే మర్చిపోతాం.

పక్క ఫీడరుతో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే ఒక్కో 11 కేవీ లైన్ ఒక ఫీడరు) లింకు ఉండి, అటు వైపు ఏబీ స్విచ్ (స్తంభం మీద మూడు తీగలనీ ఒకేసారి విడదీసేది, హ్యాండిల్ కింద ఉంటుంది) మూసి, అంటే కలిపి, ఉండొచ్చు. అదే స్తంభాల మీద పైన ఇంకో సర్క్యూట్ పోతుండొచ్చు, 33 కేవీ లైన్ అడ్డంగా దాటుతుండొచ్చు. పెద్ద లైన్ పక్కనే చాలా దూరం సమాంతరంగా పోతుంటే రెండు వైపులా విప్పేసిన తీగలో కూడా ఇండక్షన్ వల్ల వోల్టేజీ పుడుతుంది, అది స్తంభం మీంచి తోసేయడానికి సరిపోతుంది. పొలాల్లో ఇంకో తంటా. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులు మన కోసం ఎదురుచూడరు, పంట ఎండిపోతుంటే ఎందుకు చూస్తారు లెండి, పక్క ట్రాన్స్‌ఫార్మర్ నుంచి రాత్రికి రాత్రి జంపర్ (రెండు లైన్లని కలిపే తీగ ముక్క) లాగేస్తారు. మీరు ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఆపి ఎల్‌టీ ఎక్కుతారు, కరెంటు ఆ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తుంది. కాబట్టి వ్యవసాయ ఎల్‌టీ మీద పనుంటే ఎక్కేముందు లైన్ చివరిదాకా బండి మీద ఒక చుట్టు చుట్టి రండి. అయిదు నిమిషాల పని.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది జనరేటరు. ఫంక్షన్ హాల్, ఐస్ ఫ్యాక్టరీ, షాపు, ఎక్కడైనా సరైన చేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటూ జనరేటరు కరెంటూ కలవకుండా చూసేది) లేకుండా జనరేటరు పెట్టి మెయిన్ ఆపడం మర్చిపోతే ఆ కరెంటు (ఫేజుకి 230, ఫేజుల మధ్య 400 వోల్టులు) ఎల్‌టీ లైన్లోకి ఎక్కుతుంది. అక్కణ్ణించి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి. మన ట్రాన్స్‌ఫార్మర్ 11,000 నుంచి 433కి దింపుతుంది కదా, అంటే రమారమి పాతిక రెట్లు దింపుడు, వెనక నుంచి తోస్తే అదే పాతిక రెట్లు ఎక్కుడు. అటు హెచ్‌టీ వైపు పది వేల వోల్టులు కనిపించడానికి ఇటు ఒక జనరేటరు చాలు. సబ్‌స్టేషన్లో బ్రేకరు ఆఫ్‌లోనే ఉంటుంది, ఆపరేటరు తప్పేమీ ఉండదు, మీ ఎల్‌సీ నూటికి నూరు పాళ్ళు సరైనదే. అయినా లైన్లో కరెంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం మీద పడినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు వీధివీధినా జనరేటర్లే మోగుతుంటాయి. తుపాను డ్యూటీకి వేరే జిల్లా నుంచి పోతే మీకు ఆ ఊరి లైన్లూ తెలియవు, ఆ ఊరి జనరేటర్లూ తెలియవు. ఇప్పుడు ఇళ్ళ మీద సోలార్ పలకలు కూడా వచ్చాయి. గ్రిడ్ సప్లై పోతే ఆ ఇన్వర్టరు దానంతటదే ఆగిపోవాలి, అలాగే తయారు చేస్తారు. ఆగిందని నమ్మి ఎక్కడం మాత్రం వద్దు.

ఎల్‌సీ ఎలా అడగాలి

ఫోన్లో అడిగేటప్పుడు ఊరి పేరు ఒక్కటే చెప్పకండి. సబ్‌స్టేషన్ పేరు, ఫీడరు పేరు, ఏ ఏబీ స్విచ్‌కి అవతల, ఏ పోల్ నంబరు నుంచి ఏ పోల్ నంబరు దాకా, ఏం పని, ఎంతమంది ఉన్నారు, ఇవన్నీ చెప్పి అవతలివాడితో తిరిగి చదివించుకోండి. బ్రేకరు ఆపి, ఐసొలేటర్ (లైన్‌ని కంటికి కనపడేలా విడదీసే స్విచ్) కూడా విప్పి, హ్యాండిల్‌కి "మనుషులు పని చేస్తున్నారు" బోర్డు తగిలించాకే ఎల్‌సీ ఇచ్చినట్టు. టైమూ, ఎల్‌సీ నంబరూ మీ పుస్తకంలో రాసుకోండి, చేతి మీద కాదు.

ఇది ఎందుకింత సాగదీస్తున్నానో చెప్తాను. నేను చేరిన కొత్తల్లో మా సెక్షన్‌లో ఒకే ఊరి పేరు మీద రెండు ఫీడర్లు ఉండేవి, ఒకటి ఊరికి, ఒకటి పొలాలకి. నేను పొలాల లైన్ కింద నిలబడి ఊరి పేరు చెప్పి ఎల్‌సీ అడిగాను. రెండు నిమిషాల్లో "ఇచ్చాను, ఎక్కు" అన్నారు. ఊళ్ళో కరెంటు పోయింది. నేనున్న చోట ఫ్యాన్లూ లేవు బల్బులూ లేవు, ఏది ఆగిందో ఏది ఆగలేదో తెలిసే దారే లేదు. బెల్టు కట్టుకుంటుంటే మా హెల్పరు, నాకంటే పదేళ్ళు పెద్దాయన, "ఆగబ్బాయ్, టెస్టరు పెట్టి చూడు" అన్నాడు. విసుక్కుంటూనే పెట్టాను. కూసింది. ఇద్దరం ఆ స్తంభం కిందే చాలాసేపు కూర్చుండిపోయాం, ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత లేచి మళ్ళీ ఫోన్ చేసి, ఈసారి పోల్ నంబరుతో సహా అడిగాను.

ఎల్‌సీల్లో ఎక్కడా చేయకూడనిది టైం మీద ఎల్‌సీ. "పావుగంటలో ఫోన్ చేయకపోతే ఛార్జ్ చేసెయ్ అన్నా" అంటుంటారు, ఛార్జ్ అంటే మళ్ళీ సప్లై ఇవ్వడం. పావుగంటలో నట్టు పట్టేయొచ్చు, సిగ్నల్ పోవచ్చు, ఫోన్ చచ్చిపోవచ్చు, అక్కడ గడియారం మాత్రం ఆగదు. ఎల్‌సీ ఎవరు తీసుకున్నారో వాళ్ళే తిరిగివ్వాలి, మీ తరఫున ఇంకొకరు "అయిపోయిందంట" అంటే ఆపరేటరు ఒప్పుకోకూడదు. ఒకే ఫీడరు మీద రెండు గ్యాంగులుంటే రెండు ఎల్‌సీలు. ఆపరేటరు షిఫ్టు మారే వేళ, పొద్దునా మధ్యాహ్నం రాత్రీ, కాస్త ముందే ఒకసారి ఫోన్ చేసి కొత్తగా కూర్చున్నాయనకి మీరు లైన్ మీద ఉన్నారని చెప్పుకోండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఏబీ స్విచ్ దగ్గర

గ్లవ్స్ తొడుక్కుని హ్యాండిల్ లాగండి. గ్లవ్స్ అంటే మోటారు మెకానిక్ గుడ్డ గ్లవ్స్ కాదు, ఆ వోల్టేజీకి తగిన రబ్బరువి. వేసుకునే ముందు మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ గాలి బిగించి చెంప దగ్గర పెట్టుకోండి. సూది బెజ్జం ఉన్నా గాలి తగులుతుంది, అలాంటిదాన్ని అక్కడే కోసి పారేయండి, దాచుకుంటే రేపు ఎవడో తొడుక్కుంటాడు.

లాగాక తల ఎత్తి మూడు బ్లేడులూ చూడండి. ఒకటి, రెండు, మూడు, గట్టిగా లెక్కపెట్టండి. పాత స్విచ్‌లలో ఒక బ్లేడు అతుక్కుపోయి రాదు, రాడ్డు తిరుగుతుంది, హ్యాండిల్ కిందికొస్తుంది, మనకి తెరుచుకున్నట్టే ఉంటుంది. రాత్రయితే టార్చి వేసి చూడాలి. తర్వాత హ్యాండిల్‌కి తాళం వేసి తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. తాళం లేదంటారా? చాలా చోట్ల లేదు, నాకూ తెలుసు. అప్పుడు తీగతో గట్టిగా కట్టి ఒక మనిషిని అక్కడ నిలబెట్టండి. కరెంటు లేదని చిరాకెత్తిన ఊరి కుర్రాడు వచ్చి హ్యాండిల్ ఎత్తేయడం నేను కళ్ళారా చూశాను.

ఇక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసే పని. హెచ్‌జీ ఫ్యూజు (11 కేవీ వైపుండే హార్న్ గ్యాప్ ఫ్యూజు) పోయింది, ఏబీ తెరిచారు, డీపీ (ట్రాన్స్‌ఫార్మర్ ఉండే జంట స్తంభాలు) ఎక్కి ఫ్యూజు వైరు కడుతున్నారు. ఏబీ తెరిచింది కాబట్టి కింద సప్లై లేదు, నిజమే. కానీ ఏబీకి పై వైపు జంపర్లు? అవి ఫీడరుకి తగిలే ఉన్నాయి, 11 కేవీ అలాగే ఉంది, మీ తలకి పైన, చాలా డీపీల మీద మనిషి ఎత్తు దూరం కూడా ఉండదు. సబ్‌స్టేషన్లలో 11 కేవీ దగ్గర పని చేసేవాడికి 2.6 మీటర్లు, 33 కేవీకి 2.8 మీటర్లు ఎడం ఉండాలని లెక్క. డీపీ మీద ఆ ఎడం ఎక్కడుంది? నిఠారుగా నిలబడి నడుం సర్దుకున్నా, స్పానరు పట్టుకున్న చెయ్యి ఎత్తినా అయిపోతుంది. కాబట్టి డీపీ ఎక్కాలంటే ఫీడరు ఎల్‌సీ తీసుకోండి, లేదంటే వెనకున్న ఇంకో ఏబీ తెరవండి. "ఒక్క ఫ్యూజు కోసం ఫీడరంతా ఆపుతావా" అని పైనుంచి అడుగుతారు. అవును, ఆపుతాం.

టెస్టరు, తర్వాత ఎర్త్

ఇళ్ళలో వాడే స్క్రూడ్రైవర్ టెస్టరు లైన్ మీద పనికిరాదు. హెచ్‌టీకి ఇన్సులేటెడ్ రాడ్డు చివర పెట్టే డిటెక్టరు కావాలి. దాన్ని ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి కూస్తోందో లేదో చూసుకోండి, తర్వాత మీ లైన్ మీద మూడు ఫేజులూ చూడండి, మళ్ళీ ఉన్న చోటికి తెచ్చి ఇంకోసారి చూడండి. బ్యాటరీ పోయిన టెస్టరు ఎప్పుడూ "కరెంటు లేదు" అనే చెప్తుంది మరి. మూడు ఫేజులూ అన్నాను కదా, ఒకటి చూసి మిగతా రెండూ అంతేలే అనుకోవద్దు, అతుక్కుపోయిన బ్లేడు సంగతి ఇప్పుడే చెప్పుకున్నాం.

ఇప్పుడు ఎర్తింగ్. కొత్తవాళ్ళు తిరగేసేది ఇక్కడే. ముందు నేల వైపు కలపాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ పైపు ఉంటే దానికి, లేకపోతే రాడ్డు నేలలోకి దిగ్గొట్టి దానికి, మట్టి పొడిగా ఉంటే రెండు బిందెల నీళ్ళు పోయండి. స్టే వైరుకి (స్తంభాన్ని లాగిపట్టే తీగకి) తగిలించి ఎర్త్ అయిపోయిందనుకోవద్దు, అది ఎర్త్ కాదు. నేల వైపు గట్టిగా బిగించాకే ఇన్సులేటెడ్ రాడ్డుతో క్లాంపు ఎత్తి మీకు దగ్గర్లో ఉన్న ఫేజుకి, తర్వాత రెండోదానికి, మూడోదానికి తగిలించండి. మూడూ ఒకదానికొకటి షార్ట్ అయి, నేలకి కలిసి ఉండాలి. తీసేటప్పుడు సరిగ్గా తిరగేసి, ముందు తీగల మీంచి, ఆఖర్న నేల నుంచి. ముందు తీగకి తగిలించి తర్వాత నేలకి కలపబోయారనుకోండి, లైన్లో కరెంటు ఉంటే అది నేలకి పోయే దారి మీ చెయ్యే.

పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ వేయాలి. ఒక వైపే వేస్తే రెండో వైపు నుంచి జనరేటరు సంగతేమిటి? మధ్యలో ట్యాపింగ్ (పక్కకి చీలే లైన్) ఉంటే అక్కడ కూడా. వేసిన ఎర్త్‌లు మీరున్న చోటి నుంచి కనిపించాలి. గొలుసు కింద నుంచి విసిరి తీగల మీద పడేసే పాత పద్ధతి ఇంకా కొన్ని చోట్ల ఉంది, దయచేసి మానేయండి, కరెంటు ఉందంటే ఆ మంట మీ మొహాన్నే.

ఈ పనంతటికీ ఎంత టైం పడుతుందని అడుగుతారా, అలవాటయ్యాక పది, పదిహేను నిమిషాలు. జంపర్ వేయడం ఒక్కోసారి అయిదు నిమిషాల పనే. అందుకే మానేస్తారు. ఊరివాళ్ళ ఫోన్లు, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి ఫోన్, సర్పంచి ఫోన్, ఇంత టెన్షన్‌లో అయిదు నిమిషాల పనికి పదిహేను నిమిషాల ముందస్తు ఎవరికి మాత్రం చేయాలనిపిస్తుంది. నా మాట విని ఒక పని చేయండి: రెండు ఎర్త్‌లూ వేసేదాకా ఫోన్ హెల్పరు చేతిలో పెట్టండి. ఎత్తి మాట్లాడేది ఆయనే.

పైకి

స్తంభాన్ని నమ్మే ముందు మొదలు చూడండి. ఇనప స్తంభమైతే నేల మట్టం దగ్గర తుప్పు తినేసి ఉంటుంది, సిమెంటు స్తంభమైతే పగుళ్ళు, బయటపడిన ఇనప తీగలు. సుత్తితో కొట్టి చూడండి. తీగలు విప్పే పనయితే ఇంకా జాగ్రత్త, ఇన్నాళ్ళూ ఆ స్తంభాన్ని నిలబెట్టింది ఆ తీగల లాగుడే అయ్యుండొచ్చు, విప్పగానే మీతో సహా ఒరుగుతుంది. తాళ్ళతో తాత్కాలికంగా స్టే కట్టాకే విప్పాలి.

అల్యూమినియం నిచ్చెన వద్దు. వెదురుది మంచిదే, తడవనంతవరకు. ఉంగరం, మెడలో గొలుసు, వెండి మొలతాడు, అన్నీ కిందే. హెల్మెట్ గడ్డం పట్టీ పెట్టుకోండి, పట్టీ పెట్టని హెల్మెట్ మీకంటే ముందు కిందపడుతుంది. బెల్టు తాడు స్తంభానికి చుట్టాలి, క్రాస్ ఆర్మ్ (తీగలని మోసే అడ్డ కమ్మీ) చివర కొక్కెం వేస్తే జారిపోవచ్చు. సామాన్లు సంచిలో పెట్టి తాడుతో పైకి లాక్కోండి, పైకి విసరమనకండి. మెరుపులు మొదలయ్యాయంటే దిగేయండి, ఎల్‌సీ ఉన్నా ఎర్త్ ఉన్నా సరే, ఎక్కడో దూరాన లైన్ మీద పడిన పిడుగు మీ దాకా రావొచ్చు.

ఒంటరిగా ఎక్కొద్దు. కింద ఒక మనిషి తల ఎత్తి మిమ్మల్నే చూస్తుండాలి, అతనికి సబ్‌స్టేషన్ నంబరు నోటికి వచ్చి ఉండాలి. ప్రైవేటు హెల్పర్లని ఎక్కించి మీరు కింద నిలబడటం గురించి ఒక మాట. ప్రమాదం జరిగితే 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద సమాచారం ఇవ్వాలి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణకి రావొచ్చు. అప్పుడు పైవాళ్ళు "అతనెవరో మాకు తెలియదు" అంటే ఆ హెల్పరు ఇంటివాళ్ళు ఏ దిక్కూ లేక నిలబడతారు. శిక్షణ లేనివాడు, కాగితం లేనివాడు, వాడికి గ్లవ్స్ కూడా ఉండవు. ఎక్కించొద్దు.

తీగ తెగి కింద పడితే

బ్రేకరు పడలేదు (ట్రిప్ అయి ఆగలేదు) కాబట్టి తీగ తెగలేదు అనుకోకండి. పొడి నేల మీద, తారు రోడ్డు మీద పడితే బ్రేకరు పడేంత కరెంటు నేలలోకి పోదు, తీగ అలాగే బతికి ఉంటుంది. బ్రేకరు పడినా, ఏ చెట్టుకొమ్మో తగిలి ఉంటుందిలే అని సబ్‌స్టేషన్లో మళ్ళీ ఒకసారి ఛార్జ్ చేసి చూడొచ్చు. ముందు ఫోన్ చేసి "తీగ నేల మీద ఉంది, ఛార్జ్ చేయొద్దు" అని చెప్పండి, తర్వాత జనాన్ని చుట్టూ కనీసం పది మీటర్ల అవతలికి తోలండి, తడి పొలమైతే ఇంకా దూరం. తీగ చుట్టూ నేలలో వోల్టేజీ అడుగడుక్కీ తగ్గుకుంటూ పోతుంది, అంగ వేస్తే ఒక కాలి కిందా రెండో కాలి కిందా వేర్వేరు వోల్టేజీ, కాళ్ళలోంచి కరెంటు పోతుంది. గేదెలు మనకంటే దూరంలో ఉండి కూడా చచ్చిపోయేది అందుకే, ముందు కాళ్ళకీ వెనక కాళ్ళకీ మధ్య అంత ఎడం మరి. ఆ వలయంలో ఇరుక్కుంటే రెండు పాదాలూ ఆనించి, నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ బయటికి రండి. పడిన తీగ ఇంకెక్కడ తగిలిందో కూడా చూడండి: ముళ్ళకంచె, ఇనప తీగ దండెం, రేకుల షెడ్డు.

మనవాడికి షాక్ తగిలితే

పరిగెత్తి పట్టుకోవద్దు. ఎంత కష్టమైనా సరే. ఎల్‌టీ అయితే సప్లై ఆపండి, ఆపే వీల్లేకపోతే పొడి కర్రతో తోయండి. హెచ్‌టీ అయితే కర్ర కూడా నమ్మకం లేదు, సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఫీడరు ఆపించాకే దగ్గరికి పోవాలి. బెల్టుకి వేలాడుతుంటే తాడు క్రాస్ ఆర్మ్ మీంచి వేసి, చంకల కింద కట్టి, బెల్టు కోసి మెల్లగా దింపండి. ఇది ముందే సాధన చేసి ఉండాలి, ఆ రోజు నేర్చుకోవడం కుదరదు.

దింపాక పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు, లేదా ఎగశ్వాస లాగా ఉంది, వెంటనే ఒకరు 108కి ఫోన్, ఇంకొకరు సీపీఆర్. ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, అయిదు నుంచి ఆరు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నోటితో ఊపిరి ఇవ్వడం తెలిస్తే 30 నొక్కులకి రెండు ఊపిరులు, తెలియకపోతే నొక్కుతూనే ఉండండి, రెండేసి నిమిషాలకి మనిషి మారండి. తీగ నుంచి విడిపోయిన ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, ముట్టుకోవచ్చు. ఇసుకలోనో పేడలోనో కప్పిపెడితే కరెంటు దిగిపోతుందని పెద్దవాళ్ళు ఎవరో అంటారు, ఆ నిమిషాలే ప్రాణం పోసే నిమిషాలు, వాళ్ళతో వాదన పెట్టుకోకుండా నొక్కుతూ ఉండండి. కాలిన చోట శుభ్రమైన పొడిగుడ్డ కప్పండి, పేస్టూ పసుపూ వద్దు.

షాక్ తగిలి లేచి కూర్చుని "బానే ఉన్నానన్నా" అన్నవాడిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళి ఈసీజీ తీయించండి. పైకి రూపాయి బిళ్ళంత మచ్చే కనిపిస్తుంది, లోపల కండ ఎంత కాలిందో కనపడదు. మూత్రం ముదురు రంగులో వస్తోందంటే డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, కిడ్నీల మీద పడుతోందన్నమాట.

ఎల్‌సీ తిరిగివ్వడం

పనైపోయింది, అందరికీ ఇంటికి పోవాలని ఉంటుంది. ముందు తలలు లెక్కపెట్టండి, పొద్దున ఎంతమంది ఎక్కడానికి వచ్చారో అంతమందీ నేల మీద మీ కళ్ళ ముందు ఉండాలి, "వాడు అటు టీకి పోయాడన్నా" అంటే వాడు వచ్చేదాకా ఆగండి. తర్వాత లైన్ మీద తాడు ముక్క, ప్లయరు, తీగ ముక్క ఏమైనా మర్చిపోయారేమో చూడండి. ఎర్త్‌లు ఎన్ని వేశారో అన్నీ తీయండి, తీగల మీంచి ముందు. "ఇంక ఎవరూ ఎక్కొద్దు, ముట్టుకోవద్దు" అని అందరూ వినేలా చెప్పండి, ఎర్త్ తీసిన క్షణం నుంచి ఆ లైన్‌లో కరెంటు ఉన్నట్టే లెక్క. తాళం తీసి ఏబీ మూయండి, మూడు బ్లేడులూ కూర్చున్నాయో లేదో మళ్ళీ ఒకసారి తల ఎత్తండి.

అప్పుడు ఫోన్. మీ పేరు, ఎల్‌సీ నంబరు, మనుషులూ సామానూ ఎర్త్‌లూ అన్నీ తీసేశాం అని చెప్పి, అవతలివాడు తిరిగి చదివాక టైం రాసుకోండి. ఛార్జ్ చేసేటప్పుడు డీపీ కింద నిలబడొద్దు, నాలుగడుగులు ఎడంగా ఉండండి. ఆటో స్టార్టర్లున్న బోరు మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క మూలుగు మూలిగి సర్దుకుంటుంది. అది సర్దుకుని సన్నటి మోతలో పడ్డాక, హెల్పరు దగ్గర మీ ఫోన్ తీసుకుని ఏఈ గారికి చెప్పండి.